ఊరిపెద్ద కాలినిన్

అర్జీ రాసిపెట్టమని సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే. ఎవరి పేరున రాస్తే పని అవుతుంది? తాసీల్దారుకా, కలెక్టరుకా, ఇంకా పైకా? ఇరవై ఏళ్ళుగా ఈ అర్జీలు రాస్తున్నాను. కూలి బకాయిల మీద, ఇళ్ళ స్థలాల మీద, బంజరు పట్టాల మీద. రాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు అనేమాట ఉంది. పైన మనలాంటివాడు ఒకడు కూర్చుని ఉంటే ఎంత బాగుండు అని. నాగలి పట్టినవాడు, ఒకరింట్లో చాకిరీ చేసినవాడు, జైలు కూడు తిన్నవాడు ఆ కుర్చీలో ఉంటే మన కాగితం చెత్తబుట్టలో పడదు గదా అని.

అలాంటివాడు ఒకడు నిజంగానే ఉండేవాడు. ఏదో చిన్న దేశంలో కాదు, సోవియట్ దేశంలో. 1919 నుంచి 1946 దాకా, ఇరవై ఏడేళ్ళు, దేశాధ్యక్షుడి స్థానంలో కూర్చున్నవాడు ఒక పేదరైతు కొడుకు. పేరు మిఖాయిల్ ఇవానొవిచ్ కాలినిన్. రష్యా రైతులు అర్జీ రాస్తే ఆయన పేరునే రాసేవారు. ఆ అర్జీల సంగతీ, ఆయన పెట్టిన సంతకాల సంగతీ రెండూ మనం తెలుసుకోవలసినవే. ఒకటి చెప్పి రెండోది దాచితే అది మోసం.

కాలినిన్ 1875 నవంబరులో పుట్టాడు. ఊరు వెర్ఖ్‌న్యాయా త్రోయిత్సా, మాస్కోకు ఉత్తరాన త్వేర్ రాష్ట్రంలో ఉంది. అప్పటికి రైతులు జమీందారీ బానిసత్వం నుంచి విడుదలై పధ్నాలుగేళ్ళు అయింది. 1861లో విడుదల అన్నారు గానీ భూమి ఊరికే ఇవ్వలేదు. దాని ఖరీదు ఏళ్ళ తరబడి వాయిదాల మీద ఆ రైతుల చేతనే కట్టించుకున్నారు. చలి దేశం, బలం లేని నేల. రై ధాన్యం, అవిసె పండించేవారు. పండింది ఏడాది పొడుగునా తిండికి చాలక మగవాళ్ళు పట్నాలకు వలస పోవడం ఆ వైపు మామూలే.

అక్షరాలు ఊళ్ళో ఒక మాజీ సిపాయి దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత మొర్దుఖాయ్-బొల్తొవ్‌స్కొయ్ అనే భూస్వామి కుటుంబం నడిపే బడిలో కొంతకాలం చదివాడు. 1889లో, పదమూడేళ్ళ వయసులో, ఆ కుటుంబమే అతన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్ తీసుకుపోయి ఇంట్లో పనికుర్రాడిగా పెట్టుకుంది. ఆ ఇంట్లో పుస్తకాల గది ఒకటి ఉండేది. చాకిరీ అయ్యాక అందులో దొరికింది దొరికినట్టు చదివేవాడు. మనలో బడికి పోలేక పాలేరుతనం చేస్తూ చదువుకున్నవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

1893లో తుపాకి గుళ్ళు తయారుచేసే ఒక కార్ఖానాలో పని నేర్చుకునే కుర్రాడిగా చేరాడు. 1896లో పుతిలోవ్ కార్ఖానాకు మారి లేతు మిషన్ మీద పనివాడయ్యాడు. వేలాది కార్మికులు పనిచేసే చోటు అది. 1898లో సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరాడు. మరుసటి ఏడే అరెస్టు. పది నెలలు జైల్లో పెట్టి, కాకసస్ కొండల అవతల తిఫ్లిస్‌కు పంపేశారు. అక్కడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ మళ్ళీ సంఘం కట్టాడు, మళ్ళీ అరెస్టు. ఆ తర్వాత బాల్టిక్ తీరంలో రెవెల్, ఆ పైన ఉత్తరాన అడవుల ఒలొనెత్స్ ప్రాంతం. 1905 విప్లవం నాటికి తిరిగి పుతిలోవ్‌కు చేరాడు. 1906లో స్టాక్‌హోంలో జరిగిన పార్టీ మహాసభకు ప్రతినిధిగా వెళ్ళాడు. ఆ ఏడే ఎకతెరీనా లోర్‌బెర్గ్ అనే ఎస్తోనియా అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమె బట్టల మిల్లు కార్మికురాలు. ఆమె పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ తిరుగుళ్ళన్నిటి మధ్యా ఊరితో సంబంధం తెగలేదు. తల్లి ఊళ్ళోనే ఉంది, కమతం ఉంది. కార్ఖానాలో ఎన్నేళ్ళు పనిచేసినా జారు కాలపు కాగితాల్లో అతను రైతే.

1917 విప్లవం తర్వాత పెత్రోగ్రాద్ నగర మేయరుగా పనిచేశాడు. 1919 మార్చిలో, దేశాధ్యక్షుడి హోదాలో ఉన్న స్వెర్ద్‌లోవ్ జబ్బు చేసి చనిపోయాడు. ఆ స్థానానికి ఎవరిని పెట్టాలి? పార్టీలో మహా పండితులు ఉన్నారు, వక్తలు ఉన్నారు. లెనిన్ కాలినిన్ పేరు చెప్పాడు. కారణం దాచలేదు. ఇరవై ఏళ్ళ పార్టీ అనుభవం ఉన్నవాడు, పీటర్స్‌బర్గ్ కార్మికుడు, అదే సమయంలో త్వేర్ రైతు, వ్యవసాయంతో సంబంధం ఇంకా పెట్టుకున్నవాడు అని. అంతర్యుద్ధం నడుస్తోంది. పట్నాలకు తిండి లేదు, సైన్యానికి తిండి లేదు. సాయుధ దళాలు పల్లెలకు పోయి మిగులు ధాన్యం పేరుతో గాదెలు ఊడ్చుకొస్తున్నాయి. రైతు కోపం మీద ఉన్నాడు. రైతుతో రైతు భాషలో మాట్లాడే మనిషి కావలసి వచ్చింది. 1919 మార్చి 30న కాలినిన్ అఖిల రష్యా కేంద్ర కార్యవర్గ సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

అప్పటి నుంచి జనం ఆయన్ని దేశానికంతటికీ ఊరిపెద్ద అని పిలవడం మొదలుపెట్టారు. రష్యా పల్లెల్లో ఊరిపెద్దను స్తారొస్తా అంటారు. ఈ పేరు ముందుగా అన్నది ట్రాట్స్కీ అని చెబుతారు.

ఆ పేరుకు తగ్గట్టే తిరిగాడు. అక్టోబర్ విప్లవం అని పేరు పెట్టిన ఒక ప్రచార రైలు ఉండేది. అందులో అచ్చుయంత్రం, సినిమా పెట్టె, పుస్తకాలు, వీటితో పాటు ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు కూడా ఉండేది. 1919 ఏప్రిల్ చివర ఆ రైలెక్కి, తర్వాత రెండేళ్ళలో ఎన్నోసార్లు యుద్ధరంగాల అంచుల దాకా, వోల్గా తీరానికీ, దక్షిణాదికీ పోయాడు. స్టేషన్లో దిగడం, రైతుల గుంపులో నిలబడడం, తిట్లు తినడం, జవాబు చెప్పడం, అర్జీలు పుచ్చుకోవడం. కళ్ళద్దాలు, చిన్న గడ్డం, చేతికర్ర, మామూలు కోటు. దేశాధ్యక్షుడంటే ఇలా ఉంటాడని అంతకుముందు ఆ రైతులు చూడలేదు. జారు బొమ్మ మాత్రమే చూశారు.

మాస్కోలో క్రెమ్లిన్‌కు దగ్గరగా, మొఖొవయా వీధి మూల మీద ఆయన అర్జీల ఆఫీసు ఉండేది. వందల మైళ్ళ నుంచి నడిచి, రైళ్ళ మీద వేలాడి రైతులు అక్కడికి వచ్చేవారు. ఊరంతా చందాలు వేసుకుని ఒకణ్ణి ఎంచి పంపేది. అలా ఎంచి పంపిన మనిషికి రష్యన్ భాషలో ఒక పేరే ఉంది, ఖొదోక్, అనగా నడిచి పోయేవాడు. పన్ను ఎక్కువ వేశారని, ఆవును జప్తు చేశారని, కొడుకును తప్పుగా పట్టుకున్నారని, ఊరి అధికారి తాగి కొడుతున్నాడని చెప్పుకునేవారు. ఏళ్ళ తరబడి లక్షల ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటికి న్యాయం జరిగింది, అది కూడా నిజమే. తగ్గించిన పన్నులున్నాయి, తిరిగి ఇప్పించిన పశువులున్నాయి, ఆపిన శిక్షలున్నాయి. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు.

అయితే నమ్మకానికి మొదటి దెబ్బ చాలా ముందే తగిలింది. 1921 మార్చి 1న క్రోన్‌స్టాట్ రేవులో, యాంకర్ మైదానంలో పదిహేను వేల మంది నావికులు, కార్మికులు సభ పెట్టారు. విప్లవానికి ముందువరుసలో నిలిచిన నావికులు వాళ్ళు, చాలామంది రైతు బిడ్డలు. సోవియట్లకు కొత్తగా రహస్య ఎన్నికలు పెట్టాలనీ, దారికాసి తిండిగింజలు లాక్కునే దళాలను ఎత్తివేయాలనీ, కూలిమనుషుల్ని పెట్టుకోకుండా స్వంత కష్టంతో సేద్యం చేసుకునే రైతుకు తన నేల మీద స్వేచ్ఛ ఉండాలనీ వాళ్ళ కోరికలు. వాళ్ళను సముదాయించడానికి వెళ్ళినవాడు కాలినిన్. బ్యాండు మేళంతో ఆహ్వానించారు, మాట్లాడుతుంటే కేకలు వేసి ఆపారు. అయినా ఆయన మీద చెయ్యి వేయకుండా తిరిగి పోనిచ్చారు. రెండు వారాల తర్వాత సైన్యం మంచు మీదుగా నడిచి వచ్చి ఆ తిరుగుబాటును అణచివేసింది. అదే మార్చిలో జరిగిన పార్టీ పదో మహాసభ బలవంతపు ధాన్య సేకరణను రద్దు చేసి, దాని స్థానంలో గింజల రూపంలో పన్ను పెట్టింది. పన్ను కట్టాక మిగిలింది రైతుది. నావికులు అడిగిన దాంట్లో ఒక ముక్క ఈ విధంగా వచ్చింది. అడిగినవాళ్ళు మాత్రం జైళ్ళలోనో, మట్టిలోనో ఉన్నారు.

ఆ వేసవిలోనే వోల్గా కరువు వచ్చింది. వర్షం లేదు నిజమే, కాని అంతకుముందు గాదెలు ఊడ్చేయడం వల్ల విత్తనం కూడా మిగల్లేదు. సుమారు యాభై లక్షల మంది చనిపోయారని అంచనా. 1921 జులైలో కరువు సహాయానికి కేంద్ర సంఘం వేశారు, దానికి అధ్యక్షుడు కాలినిన్. ఆయన ఆ జిల్లాలు తిరిగాడు. కరువు ఉందని ప్రభుత్వం లోకానికంతా చెప్పింది, చెయ్యి చాపింది. అమెరికా సహాయ సంస్థను కూడా రానిచ్చారు. 1922 వేసవిలో ఆ సంస్థ ఒక్కటే రోజుకు కోటి మందికి పైగా తిండి పెట్టింది. శత్రుదేశం గింజ అని ఎవరూ వద్దనలేదు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి. పదకొండేళ్ళ తర్వాత ఇదే దేశం, ఇదే అధ్యక్షుడు, దానికి పూర్తిగా ఎదురు చేశారు.

1922 డిసెంబరులో సోవియట్ యూనియన్ ఏర్పడ్డాక కూడా ఆయన ఆ పదవిలోనే ఉన్నాడు. 1926లో పార్టీ పొలిట్‌బ్యూరోలో పూర్తి సభ్యుడయ్యాడు. 1927 నవంబరులో విప్లవం పదో వార్షికోత్సవానికి వెళ్ళిన జవహర్‌లాల్ నెహ్రూ ఆయన్ని కలిశాడు. ఆ సంవత్సరాలు పల్లెలకు కాస్త ఊపిరాడిన రోజులు. కాలినిన్ వేసవిలో సొంత ఊరు పోయి, కొడవలి పట్టి గడ్డి కోతలో దిగేవాడు.

అప్పట్లో పార్టీలో పెద్ద తగాదా ఒకటి నడిచింది. కులక్ అంటే ఎవరు? వడ్డీలకిచ్చి, కూలీల్ని పిండి బలిసినవాణ్ణి కులక్ అనాలా, లేక కష్టపడి రెండో గుర్రం కొనుక్కున్నవాణ్ణి కూడా అనాలా? ఇది మాటల తగాదా కాదు. ఆ ముద్ర పడ్డవాడికి పన్ను వేరు, ఓటు లేదు. కనిపించిన ప్రతి కాస్త ఉన్న రైతుకూ ఆ ముద్ర వేయడం తప్పని వాదించిన వాళ్ళలో కాలినిన్ ఉన్నాడు. వ్యవసాయం తెలిసినవాడు గనుక. మన ఊళ్ళలోనూ రెండెకరాల వాణ్ణీ రెండొందల ఎకరాల వాణ్ణీ ఒకే గాట కట్టి మాట్లాడే తొందరపాటు మనవాళ్ళలో కొందరికి ఉంది. ఆ తొందరపాటు ఎక్కడికి పోతుందో ఇక్కడ చూడవచ్చు.

1928లో పట్నాలకు ధాన్యం చాలలేదు. స్టాలిన్ స్వయంగా సైబీరియా పోయి మళ్ళీ బలవంతపు సేకరణ మొదలుపెట్టించాడు. బుఖారిన్, రీకొవ్, తోమ్‌స్కీ దీనికి అడ్డం చెప్పారు, రైతు మీద యుద్ధం వద్దన్నారు. కాలినిన్ తమవైపు వస్తాడని వాళ్ళు లెక్క వేసుకున్నారు. ఆయన మనసు ఆ వైపే ఉందని అందరికీ తెలుసు. చెయ్యెత్తే వేళ వచ్చేసరికి స్టాలిన్ వైపు ఎత్తాడు. ఎందుకు? పార్టీ చీలకూడదని కావచ్చు, భయం కావచ్చు, ఏదో పాత సంగతి పట్టుకుని బెదిరించి ఉండవచ్చని బుఖారిన్ అనుమానం. ఆయన గుండెలోకి మనం తొంగి చూడలేం. చెయ్యి ఎటు లేచిందో మాత్రం రికార్డులో ఉంది.

తర్వాత జరిగినవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1930 ఫిబ్రవరి 1న కులక్కుల ఆస్తి స్వాధీనం చేసుకుని వాళ్ళను వెళ్ళగొట్టే ఉత్తర్వు వెలువడింది. కింద కాలినిన్ సంతకం. 1930, 1931 రెండేళ్ళలో 3 లక్షల 81 వేల కుటుంబాలను, అంటే సుమారు 18 లక్షల మందిని, ఉత్తరాది అడవులకూ, యురల్ కొండలకూ, సైబీరియాకూ, కజఖ్ మైదానాలకూ రైలు పెట్టెల్లో తోలారు. ఇందులో నిజంగా బలిసిన పెత్తందార్లు ఎందరు, ఊరి కక్షలకు బలైనవాళ్ళు ఎందరు, కోటా పూర్తికావాలని పట్టుకుపోయినవాళ్ళు ఎందరు? పసిపిల్లలు ఏ వర్గం? ఆ చలిలో గుడిసెలు కూడా లేని చోట పిల్లలు పిట్టల్లా రాలారు. అక్కడి నుంచి ఉత్తరాలు రాశారు. ఎవరికి? కాలినిన్‌కే. తమను తోలిన కాగితం మీద సంతకం ఎవరిదో తెలిసి కొందరు, తెలియక కొందరు, ఊరిపెద్దకు నిజం తెలిస్తే ఆపుతాడని రాశారు.

మిగిలిన రైతుల్ని ఉమ్మడి క్షేత్రాల్లోకి తోశారు. సమష్టి వ్యవసాయం చెడ్డదని నేను అనడం లేదు. రైతులు ఒప్పుకుని, కలిసి, లెక్క తమ చేతిలో పెట్టుకుని చేసుకుంటే అది వేరు. తుపాకి ముందు చేర్చిన క్షేత్రంలోకి తన పశువును తోలడం ఇష్టం లేక రైతులు వాటిని కోసుకుని తిన్నారు. నాలుగైదేళ్ళలో దేశంలో గుర్రాలు సుమారు సగానికి పడిపోయాయి. దున్నేవాటికే కొరత వస్తే పంట ఎక్కడిది?

ఇక 1932 ఆగస్టు 7 నాటి చట్టం. ఇది మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి.

మా అమ్మ పరిగె ఏరేది. కోత అయ్యాక, కుప్ప నూర్చాక, మడిలో రాలిన కంకులు ఏరుకోవడం. నన్నూ చెల్లెలినీ వెంటబెట్టుకుని పోయేది. సాయంత్రానికి ఒడిలో శేరు, శేరున్నర గింజలయ్యేవి. కొందరు ఆసాములు ఏమీ అనేవారు కాదు, అది పేదల హక్కని పెద్దల నాటి నుంచి ఉన్న వాడుక. కొందరు కర్ర పట్టుకు తరిమేవారు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక పరిగె మాటే పోయింది గానీ, నలభై ఏళ్ళు దాటిన మన ఆడవాళ్ళలో పరిగె ఏరని మనిషి తక్కువ.

ఆ 1932 చట్టం ప్రకారం ఉమ్మడి క్షేత్రం పొలంలోని గింజ ప్రభుత్వ ఆస్తితో సమానం. అది దొంగిలిస్తే శిక్ష కాల్చివేత, ఆస్తి జప్తు. తగ్గించడానికి కారణం కనిపిస్తే పదేళ్ళకు తగ్గని జైలు. పెద్ద దొంగలకు మాత్రమే అని చట్టంలో లేదు. ఆకలితో పొలంలో కంకులు తెంపుకున్న తల్లులు, రాలినవి ఏరుకున్న పిల్లలున్నవాళ్ళు, పిడికెడు గింజలు జేబులో వేసుకున్న కాపలావాళ్ళు దీని కింద పడ్డారు. జనం దానికి కంకుల చట్టం అని పేరు పెట్టారు. ఆ చట్టం ఆలోచన స్టాలిన్‌ది. ఆ జులైలో విశ్రాంతికి దక్షిణాదిలో ఉండి ఉత్తరాల్లో రాసి పంపాడు. కింద సంతకాలు మూడు: మొలొతోవ్, యెనుకీద్జే, వాళ్ళకు ముందు కాలినిన్. మొదటి అయిదారు నెలల్లోనే సుమారు 55 వేల మందికి శిక్షలు పడ్డాయి. రెండు వేలమందికి పైగా మరణశిక్ష వేశారు, అందరినీ కాల్చలేదు గానీ చాలామందిని కాల్చారు. 1936లో ప్రభుత్వమే ఆ కేసులు తిరగేయించింది. లక్షా పదిహేను వేలకు పైగా కేసులు చూస్తే తొంభై వేలకు పైగా కేసుల్లో ఆ చట్టం వాడడమే తప్పని తేలింది. వేలాదిమందిని విడిచిపెట్టారు. అప్పటికి నాలుగేళ్ళు.

ఇది బూర్జువా పత్రికల కల్పన అని మన పాత కామ్రేడ్లలో కొందరు అనేవారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని ఈ లెక్కలు వాళ్ళ ప్రాసిక్యూటర్లు వాళ్ళ ప్రభుత్వానికి రాసుకున్న నివేదికల్లోవి. మన లెక్క మనమే కాదంటే ఎలా?

1932, 1933 కరువు అలాంటి ఏడాదిలో వచ్చింది. ఉక్రెయిన్, కుబాన్, వోల్గా, కజఖ్ ప్రాంతాల్లో కలిపి చనిపోయినవాళ్ళు యాభై లక్షలకు తక్కువ కాదని పరిశోధకుల లెక్క. ఉక్రెయిన్‌లోనే ముప్ఫై అయిదు లక్షల ప్రాంతం. ఆ రెండేళ్ళలోనూ ఏడాదికి పదిహేను లక్షల టన్నులు దాటి ధాన్యం విదేశాలకు పోయింది. 1933 జనవరిలో స్టాలిన్, మొలొతోవ్ సంతకాలతో ఒక ఆదేశం పోయింది, ఉక్రెయిన్ నుంచీ కుబాన్ నుంచీ రైతులు బయటికి కదలకుండా ఆపమని. అంతకు నెలరోజుల ముందు, 1932 డిసెంబరు 27న, పట్నవాసులకు లోపలి పాస్‌పోర్టులు పెడుతూ ఉత్తర్వు వచ్చింది. అందులోనూ కాలినిన్ సంతకం ఉంది. ఉమ్మడి క్షేత్రాల రైతులకు ఆ పాస్‌పోర్టు ఇవ్వలేదు. అది లేనివాడు పట్నంలో ఉండడానికి లేదు. కరువు వస్తే కాలికి బుద్ధి చెప్పి పట్నానికి పోవడం ప్రపంచంలో ప్రతి పేదవాడికీ ఉన్న ఆఖరి దారి. త్వేర్ రైతు కొడుకుగా కాలినిన్ తానే ఆ దారిన పట్నం చేరినవాడు.

బయటిదేశాల్లో కరువు సహాయం మాట ఎత్తినవాళ్ళను సోవియట్ ప్రభుత్వం ఈసారి కొట్టిపారేసింది. కరువే లేదంది. ఆ ఖండనలు చేసిన గొంతుల్లో 1921లో సహాయ సంఘాన్ని నడిపిన అధ్యక్షుడి గొంతు కూడా ఉంది.

ఆయన చేతిలో అధికారం ఉందా అని మీరు అడగవచ్చు. నిజమైన అధికారం లేదు. అది పార్టీ ప్రధాన కార్యదర్శి గదిలో ఉండేది. కాలినిన్ దగ్గరికి సిద్ధం చేసిన కాగితం వచ్చేది. అయితే ఆ కాగితానికి ఆ పేరే ఎందుకు కావలసి వచ్చింది? రైతు తన బాధ చెప్పుకునే పేరు అదే గనుక. ఆ పేరు కింద వస్తే ఏ ఉత్తర్వయినా తమవాడు ఇచ్చినట్టు ఉంటుంది. వద్దని ఉంటే ఏమయ్యేది? ఆయన్ని తీసేసి ఇంకొకణ్ణి పెట్టేవారు, అంతే కావచ్చు. రీకొవ్ వద్దన్నాడు, 1938లో కాల్చేశారు. కాలినిన్ పక్కనే కూర్చుని ఏళ్ళ తరబడి సంతకాలు పెట్టిన యెనుకీద్జే వద్దనకపోయినా 1937లో కాల్చేశారు. 1934 డిసెంబరు 1న కీరొవ్ హత్య జరిగిన రోజే ఒక చట్టం తెచ్చారు, ఇలాంటి కేసుల్లో విచారణ పది రోజుల్లో ముగించాలి, అప్పీలు లేదు, శిక్ష వెంటనే అమలు. దాని మీద ఉన్న రెండు పేర్లూ ఈ ఇద్దరివే.

1938 జనవరిలో కొత్త రాజ్యాంగం కింద సుప్రీం సోవియట్ ప్రెసీడియానికి అధ్యక్షుడయ్యాడు. శిక్ష పడ్డవాళ్ళకు క్షమాభిక్ష పెట్టే హక్కు ఆ ప్రెసీడియానిదే. అదే ఏడు అక్టోబరులో ఆయన భార్య ఎకతెరీనాను అరెస్టు చేశారు. పదిహేనేళ్ళ శిక్ష వేసి శ్రమ శిబిరానికి పంపారు. అక్కడ స్నానాల గదిలో ఖైదీల లోదుస్తుల మీద పేను గుడ్లు గోకి తీసే పని చేసేదని, అదే శిబిరంలో ఉన్న ఒక ఖైదీ తర్వాత తన జ్ఞాపకాల్లో రాశాడు. భర్త దేశాధ్యక్షుడు. క్షమాభిక్ష అర్జీలు రోజూ ఆయన ఆఫీసుకు వస్తూనే ఉన్నాయి. ఆయన పదవి వదల్లేదు, సంతకాలు ఆపలేదు.

1940 మార్చి 5న పోలెండు సైనికాధికారులనూ, ఇతర ఖైదీలనూ సుమారు 25 వేల 700 మందిని కాల్చివేయాలని పొలిట్‌బ్యూరో నిర్ణయించింది. ఆ కాగితం మీద నలుగురు సంతకాలు పెట్టారు. కాలినిన్ ఆ రోజు సంతకం పెట్టలేదు, ఆయన అనుకూలమని మార్జిన్లో రాసి ఉంది. ఆ కాగితం 1992 దాకా బయటికి రాలేదు.

యుద్ధకాలంలో ఆయన పని ఎక్కువగా పతకాలు ఇవ్వడం. సైనికులు, గెరిల్లాలు, ట్రాక్టరు తోలే ఆడవాళ్ళు క్రెమ్లిన్‌కు వచ్చి ఆ ముసలాయన చేతుల మీదుగా పతకం పుచ్చుకుని పోయేవారు. చూపు బాగా తగ్గిపోయింది. కడుపులో క్యాన్సరు. ఎకతెరీనా 1945లో విడుదలైంది. 1946 మార్చిలో ఆయన పదవి దిగాడు, జూన్ 3న చనిపోయాడు. క్రెమ్లిన్ గోడ పక్కన పూడ్చారు. నెల తర్వాత, జర్మనీ నుంచి గెలుచుకున్న కోనిగ్స్‌బర్గ్ నగరానికి కాలినిన్‌గ్రాద్ అని పేరు పెట్టారు. 1931 నుంచి కాలినిన్ పేరుతో ఉన్న త్వేర్ పట్నం 1990లో పాత పేరు తిరిగి పెట్టుకుంది. ఎకతెరీనా మీద మోపిన నేరం తప్పని 1954లో తేల్చారు. ఆమె 1960 దాకా బతికింది.

ఉమ్మడి క్షేత్రాల రైతులకు పాస్‌పోర్టు ఇవ్వాలని 1974లో నిర్ణయం చేశారు, 1976 నుంచి ఇవ్వడం మొదలైంది. వెర్ఖ్‌న్యాయా త్రోయిత్సాలో కాలినిన్ ఇల్లు మ్యూజియం అయింది. ఆయనకు వచ్చిన అర్జీలు మాస్కోలో ప్రభుత్వ ఆర్కైవులో ఉన్నాయి, పరిశోధకులు తీసి చదువుతున్నారు. పన్ను తగ్గించమని, ఆవును తిరిగి ఇప్పించమని, తాము కులక్కులం కాదని, పిల్లలు చచ్చిపోతున్నారని, మా ఆయన ఎక్కడున్నాడో చెప్పమని.